లాగ్‌బుక్కులో కొట్టివేత

అక్టోబరు, రాత్రి డ్యూటీ.
ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున నా గుమటం.
రేకు కప్పు, ఒక ట్యూబులైటు,
బూడిద నీళ్ళు మోసే గొట్టాలకు కాపలా.
గంటకోసారి లాగ్‌బుక్కులో
"గొట్టం పగల్లేదు" అని రాయాలి.
రాస్తాను.

ఎదురుగా మడ చెట్లు.
బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు,
బడి పిల్లలెవరో వేల పెన్సిళ్ళు గుచ్చి
మర్చిపోయి ఇంటికెళ్ళినట్టు.
ఆకు మీద సన్నటి ఉప్పు.
ఒకసారి నాకి చూశాను, ఎవరూ చూడకుండా.

ఆ వారం గాలి లేకుండానే చప్పుడు.
చాటలో నూకలు చెరుగుతున్నట్టు
తెల్లవార్లూ.
వాన అనుకుని టార్చి వేశాను.
వాన కాదు, పురుగుల పెంట రాలుతోంది.
కింద పీతలు దాన్ని ఏరుకుంటున్నాయి.
పైన ఒక్కో ఆకు అంచు మడిచి
పట్టుదారంతో కుట్టుకుని
కట్టుకున్న ఇంటినే తింటూ
నల్లటి పురుగులు,
పక్కల తెల్ల చార.

ఇవి మా నాన్నకు తెలుసు.
ఆయన వడ్రంగి. కోసిన దుంగ మీద గోరు పెట్టి
"ఇదిగో, ఈ వలయం సన్నబడింది చూడు,
ఆ ఏడు టేకు మీద పురుగు పడింది" అనేవాడు.
చెట్టు తన ఆకలి సంవత్సరాన్ని
కడుపులో దాచుకుంటుందని
అప్పుడు నాకు అర్థం కాలేదు.
టేకు తినే నోటికి
ఈ ఉప్పెలా రుచించిందో
ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎనిమిది రోజులకు అడవి ఈనెలు మిగిలింది.
తొమ్మిదో రోజు జీపు.
కంపెనీ సార్లు దిగారు, టేపు పట్టారు,
రెండో గొట్టం ఎటు పోవాలో చేతులు చాపారు.
"ఏమయ్యా, రోజూ చూసేవాడివి, రాయి" అన్నారు.
చూసింది రాశాను:
"చెట్లు చచ్చిపోయాయి."
ఒకాయన ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

పచ్చయమ్మ అప్పుడు మెడలోతు నీళ్ళలో ఉంది.
తాటాకు బుట్ట పళ్ళతో కరిచిపట్టి
చేతులతో బురద తడిమి రొయ్యలు పడుతుంది.
మాట కావాలంటే బుట్ట వదలాలి,
అందుకే తక్కువ మాట్లాడుతుంది.
ఆ రోజు వదిలింది.
"ఏం రాసినావు?"
చెప్పాను.
నీళ్ళు కదిలేలా నవ్వింది.
"తిరుపతి పోయి గుండు కొట్టించుకున్నోడికి
దినం పెడతావా నువ్వు?"

ఆ మాట పన్నెండు రాత్రులు నా బల్ల మీదే ఉంది.

పదమూడో రాత్రి దీపప్పురుగులు వచ్చాయి,
ఒకటీ రెండూ కాదు, ట్యూబులైటు మసకబారేటన్ని.
ఒకటి సరిగ్గా ఆ వాక్యం మీద వాలింది.
ఎండుటాకు రంగు, తుడిచిపారేసేదే.
పెన్నుతో తోశాను.
రెక్క విచ్చింది,
లోపల నలుపు మీద నారింజ మచ్చలు!
అమ్మ తుప్పు పట్టిన ట్రంకుపెట్టె మూత తీస్తే
లోపల అంటించిన రంగు కాగితంలా.

పొద్దున కొమ్మల దగ్గరికి వెళ్ళి చూశాను.
కణుపు కణుపునా
జొన్నగింజంత పచ్చ.
దాని మీద అప్పుడే కాస్త బూడిద.

వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను.
పక్కన రాశాను:
"తప్పుగా రాశాను. చెట్లు బతికే ఉన్నాయి.
మోహనాచారి, రాత్రి కాపలా."

కానీ ఫోనులో ఉన్న ఫోటోలో
కొట్టివేత లేదు.

నిన్న ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.
"ఎవరి ఉప్పు తింటున్నావురా?"
జవాబు వెంటనే రాలేదు నాకు.
ఏటి మీంచి గాలి కొట్టింది.
పెదవి తడుపుకున్నాను.

రెండు గంటలు. గొట్టం పగల్లేదు.
చెట్లు,
ఈ లాగ్‌బుక్కులో చెట్లకు గడి లేదు,
అంచున రాస్తున్నాను,
ఇంకో రెండాకులు.